బాపు పనిచేసిన ఊరికి టూరిస్టులుగా వెళ్ళొచ్చా?

జగిత్యాల దగ్గరి ఒక ఊళ్ళో పుట్టి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 36 ఏళ్ళ పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ.

వాళ్ళ నాన్నగారు (బాపు అని పిలుస్తారు) 1988లో బొంబాయి మీదుగా అబుదాబి వెళ్ళారు. సెంట్రింగ్ పని. ఈమె పుట్టినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవారు. చివరి నాలుగేళ్ళు మాత్రం రానే లేదు. 2007లో వచ్చేశారు, మళ్ళీ వెళ్ళలేదు. ఈమె చదువు, తమ్ముడి చదువు, రెండెకరాల పొలం, డాబా ఇల్లు అన్నీ ఆ సంపాదనతో వచ్చినవే. అక్కడి సంగతులు అడిగితే "పెద్ద మసీదు కాడ మూడేండ్లు పనిచేసిన" అన్న ఒక్క మాట తప్ప ఏమీ చెప్పరు. పాత పాస్‌పోర్టు ఏమైందంటే పోయిందంటారు.

ఈ ఏడాది ఈమెకు మంచి బోనస్ వచ్చింది. డిసెంబరులో భర్తను, ఇద్దరు పిల్లలను, అమ్మానాన్నలను తీసుకుని అబుదాబి వెళ్ళాలని ఆశ. అయిదు రోజుల ప్లాన్ కూడా పంపారు: పెద్ద మసీదు, లూవ్ర్ మ్యూజియం, ఎడారి సఫారీ, ఫెరారీ వరల్డ్ థీమ్ పార్కు, చివరి రోజు దుబాయ్‌లో షాపింగ్. అమ్మ వినగానే ఒప్పుకున్నారు. "నా మొగన్ని అన్నేండ్లు ఉంచుకున్న ఊరు ఎట్లుంటదో ఒక్కపారి సూడాలె" అన్నారట. బాపు మాత్రం "ఆడ ఏముంది బిడ్డా సూసెటందుకు, ఇసుక" అని లేచి పొలం దిక్కు వెళ్ళిపోయారు. రెండోసారి అడిగితే ఆ పూట అన్నం ముట్టలేదు.

భర్తగారి ఉపాయం ఏమిటంటే, ఊరికే ఉంటుందని చెప్పి కొత్త పాస్‌పోర్టు చేయించి, పుట్టినరోజు నాడు టికెట్లు చేతిలో పెట్టి సర్‌ప్రైజ్ ఇవ్వాలి. తమ్ముడేమో దండగ ఖర్చు అంటున్నాడు. "బాపును బలవంతపెట్టనా? అమ్మ ఒక్కదాన్నే తీసుకెళ్ళనా? మొత్తం మానెయ్యనా? ఆయన కష్టపడ్డ చోట నేను సెల్ఫీలు దిగడం తప్పేమో అని కూడా అనిపిస్తోంది" అని అడిగారు.

సమాధానం:

ముందు తమ్ముడి సంగతి తేల్చేద్దాం. డబ్బు మీది, మీ అమ్మానాన్నల కోసం ఖర్చు పెడుతున్నారు. ఆ మాట గురించి ఇంకో నిమిషం కూడా ఆలోచించకండి.

అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మీరు మాట వరసకు రాసిన మూడు వివరాల దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. చివరి నాలుగేళ్ళు ఇంటికి రాకపోవడం ఒకటి. పాస్‌పోర్టు పోయిందనడం రెండోది. 2007లో ఉన్నట్టుండి వచ్చెయ్యడం మూడోది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రోజుల్లో గల్ఫ్‌లో కూలీల పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అక్కడి యజమాని) దగ్గరో కంపెనీ దగ్గరో ఉండిపోవడం మామూలే. జీతం ఇవ్వకపోతేనో, పని మరీ కష్టమైతేనో బయటికి వచ్చేసి వేరే చోట పనిచేసుకునేవాళ్ళు ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని దొంగచాటు కూలీలు అయిపోయేవాళ్ళు. మీ ఊళ్ళో ఈ మాట అందరికీ తెలుసు. ఖల్లివెల్లి అయినవాడికి సెలవు ఉండదు. ఇంటికి రావాలంటే రోజుల లెక్కన జరిమానా కట్టాలి, లేదా జైలు మీదుగా రావాలి. 2007లో యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి, అలాంటివాళ్ళను జరిమానా లేకుండా వెళ్ళనిచ్చింది. పాస్‌పోర్టు లేనివాళ్ళు అవుట్‌పాస్ (ఇంటికి రావడానికి మాత్రమే పనికొచ్చే ఎంబసీ కాగితం) మీద వచ్చారు.

మీ బాపు విషయంలో ఇలాగే జరిగిందని నేను అనడం లేదు. పొరపాటు పడుతూ ఉండొచ్చు. అయితే జరిగి ఉండటానికి అవకాశం ఉంది కాబట్టి సర్‌ప్రైజ్ ఆలోచనను ఇక్కడితో వదిలెయ్యండి. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు రెండు దారులు చూపించలేను. ఆ దేశం చాలా ఏళ్ళుగా ఎయిర్‌పోర్టుల్లో కంటిపాప స్కాన్ చేస్తోంది. పాస్‌పోర్టు నంబరు మారినా కళ్ళు మారవు. ఆయన మనసులో ఆ భయం ఉంటే, మీరు ప్రేమతో చేతిలో పెట్టే టికెట్టు ఆయనకు సమన్లలా కనిపిస్తుంది. మనవల ముందు అద్దాల గది వెనక్కి రమ్మంటారేమోనన్న టెన్షన్‌తో నాలుగు గంటలు విమానంలో కూర్చోవాలి.

ఇక రెండో ముడి. ఇది కాగితాల ముడి కంటే గట్టిది.

మా చిన్న మేనమామ మస్కట్‌లో పదకొండేళ్ళు డ్రైవరుగా చేశాడు. మా అత్తయ్య దగ్గర ఆయన పంపిన ఫొటోల ఆల్బం ఉంది. పార్కుల్లో, పూలమొక్కల ముందు, ఎవరిదో తెల్లకారుకు ఆనుకుని దిగినవి ఉన్నాయి. రూములో దిగిన ఫొటో ఒక్కటీ లేదు. క్యాసెట్టులో మాటలు రికార్డు చేసి పంపినప్పుడు కూడా "ఏసీ రూము, మంచి తిండి" అనే చెప్పేవాడు. పై మంచం కింది మంచం కలిపి పన్నెండు మంది ఒక గదిలో ఉండేవాళ్ళని ఆయన పోయాక, కర్మకు వచ్చిన ఒక దోస్తు చెబితే మాకు తెలిసింది.

మీ ఇంట్లోనూ అలాంటి ఫొటో ఉందని రాశారు కదా, 1993లో అబుదాబి కార్నిష్ (సముద్రపు ఒడ్డు రోడ్డు) మీద వాల్కనో ఫౌంటెన్ ముందు నల్లకళ్ళద్దాలతో. ఆ ఫౌంటెన్‌ను 2004లో కూల్చేశారు. ఆయన ఎరిగిన ఎయిర్‌పోర్టు ముఖం కూడా మారిపోయింది. కొత్త టెర్మినల్ 2023 నవంబరులో తెరిచారు, పేరు కూడా జాయెద్ ఎయిర్‌పోర్టు అయింది. ఆయనకు తెలిసిన శుక్రవారం కూడా మునుపటిలా లేదు. 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకు సెలవులు శని, ఆదివారాలు, శుక్రవారం సగం రోజు పని.

మీ అమ్మగారి వైపు నుంచి చూడండి. 1988 నుంచి 2007 దాకా పందొమ్మిదేళ్ళు. అందులో చివరి నాలుగేళ్ళు తీసేస్తే, రెండేళ్ళకోసారి రెండు నెలల చొప్పున ఆయన ఇంట్లో ఉన్నది పద్నాలుగు నెలలు. తక్కిన కాలమంతా ఆమె ఊహల్లో గడిచింది. అందుకే ఆమె "అబుదాబి చూడాలె" అనలేదు, "నా మొగన్ని ఉంచుకున్న ఊరు" అన్నారు. ఆమెకు కావలసింది ఆయన ఎక్కడ పడుకున్నాడు, ఎక్కడ తిన్నాడు, ఏ రోడ్డు మీద నడిచాడు అన్నది. ఆయన ఇన్నేళ్ళుగా ఆమెకు కనబడకుండా దాచుకున్నది కూడా సరిగ్గా అదే. మీ ఇంట్లో గొడవ టూరు గురించి కాదని నాకు అనిపించేది ఇందుకే. మీ అయిదు రోజుల ప్లాన్‌లో అమ్మ చూడాలనుకున్నది ఎక్కడా లేదు. ఆయన దాచుకున్నదాని చుట్టూ మాత్రం తిరిగి వస్తారు.

ఇప్పటిదాకా మీరు బాపును "వస్తవా" అని అడిగారు. "ఆడ నీ రోజు ఎట్ల గడిచేది బాపూ" అని అడిగినట్టు మాత్రం ఉత్తరంలో లేదు. అది అడగండి. అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు కాదు, భర్త పక్కన ఉన్నప్పుడు కాదు. పొలం గట్టు మీద మీరిద్దరే ఉన్నప్పుడు. చెప్పకపోతే వదిలెయ్యండి, నెల తర్వాత మళ్ళీ అడగండి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన క్యాంపు (అక్కడ కూలీలు ఉండే బస) దోస్తులు ఎవరైనా ఉంటే ఒకరోజు ఇంటికి భోజనానికి పిలవండి. మీరు వంటింట్లో ఉండండి. బిడ్డతో చెప్పలేని మాటలు ఆ దోస్తుతో వస్తాయి, మీ చెవిన కూడా పడతాయి.

ఆ తర్వాత మీ ముందు నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

ఆయన వస్తానంటే మొదటి దారి. అప్పుడు ముందు కాగితాలు. ఆయన పేరు మీద అక్కడ లోను, చెక్కు, పోలీసు కేసు లాంటివేమైనా మిగిలాయా అని నెమ్మదిగా అడగండి. అనుమానం ఉంటే అక్కడి లాయరు ద్వారా వెతికించుకోవచ్చు. కొంచెం ఖర్చవుతుంది, అంత ప్రశాంతత కూడా వస్తుంది. వీసా చేతికి వచ్చాకే టికెట్లు కొనండి. ఇంకో మాట, వీసా వచ్చిందంటే పాత కేసులన్నీ లేనట్టే అని అనుకోవద్దు. అందుకే లాయరు మాట చెప్పాను. వీసా తిరస్కరిస్తే ఫీజు పోతుంది. ఆయన "నేను అన్న కదా" అని తేలిగ్గా తీసుకోవచ్చు, లేదా ఇంతకాలం తర్వాత కూడా తనను వద్దన్నారని లోపల కుంగిపోవచ్చు. రెండోది జరిగితే ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకోండి.

అంతా సవ్యంగా జరిగి వెళ్తే మాత్రం ఆ ప్లాన్‌ను చింపేసి, ఆయన్ని అడిగి కొత్తది రాయండి. ఆయన నోటి నుంచి తనంతట తాను వచ్చిన మాట పెద్ద మసీదు ఒక్కటే. షేక్ జాయెద్ మసీదు పని 1996లో మొదలై 2007లో ముగిసింది. 82 గుమ్మటాలు, వెయ్యికి పైగా స్తంభాలు. లోపలి హాల్లో ఇరాన్ నేతగత్తెలు చేత్తో ముడివేసిన తివాచీ ఉంది, 5,600 చదరపు మీటర్లకు పైనే. గైడు ఇవన్నీ చెబుతాడు. ఆ గుమ్మటాల కింద తాను ఏ చెక్క ఎక్కడ బిగించాడో చెప్పగలిగింది మీ బాపు ఒక్కరే. ఆయన పనిచేసిన రోజుల్లో అక్కడ ఈ తివాచీ ఉండి ఉండదు, పాలరాయి కూడా పూర్తిగా పరిచి ఉండరు. ఆయన చూసింది కాంక్రీటు. తాను చేసిన పని పూర్తయ్యాక ఎలా ఉందో చూడాలన్న కోరిక ఏ పనివాడికైనా ఎంతో కొంత ఉంటుందని నా నమ్మకం. కానీ అది ఆయన చెప్పాలి, మీరు ఆయన తరఫున ఊహించుకుని మసీదు వాకిట్లో నిలబెట్టి వీడియో తియ్యకూడదు.

ప్రవేశం ఉచితమే, ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. నడక ఎక్కువ. పెద్దవాళ్ళకు బండ్లు, చక్రాల కుర్చీలు ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి. అమ్మకు నడుము కనిపించే చీర పనికిరాదు. ఒళ్ళంతా కప్పే వదులు బట్టలు, తల మీద చున్నీ ఉండాలి. సాయంత్రం, పొద్దు గుంకే ముందు వెళ్తే ఎండ బాధ ఉండదు, దీపాలు కూడా చూస్తారు.

ఇంకో రోజు అల్ ఐన్ వెళ్ళమంటాను. అబుదాబి నుంచి కారులో గంటన్నర పైన. యునెస్కో 2011లో వారసత్వ జాబితాలో చేర్చిన చోటు అది. ఊరి నడుమ ఖర్జూరం తోట, అందులో ఫలజ్ అనే పాత కాలువలు. నేల లోపలి నుంచి నీళ్ళను వాలు మీద తోటలోకి తెచ్చి, గంటల లెక్కన వంతులు వేసుకుని పారించుకునేవాళ్ళు. చెరువు కింద వంతు నీళ్ళకు రాత్రిళ్ళు కాపలా కాసిన ఇల్లు మీది. మీ అమ్మానాన్నలకు అక్కడ ఎవరూ ఏదీ విప్పి చెప్పక్కర్లేదు. చమురు దొరకక ముందు ఆ దేశం ఎలా బతికిందో కూడా అక్కడే అర్థమవుతుంది. చమురు ఎగుమతి మొదలైంది 1962లో. అంతకు ముందు ముత్యాలు, చేపలు, ఖర్జూరాలు, ఒంటెలు. జపాన్ వాళ్ళు ముత్యాలను పెంచడం మొదలుపెట్టాక ఆ వ్యాపారమూ పడిపోయి, పస్తులున్న కాలం ఉంది. అబుదాబి నడిబొడ్డున కసర్ అల్ హోస్న్ అనే తెల్లటి కోట ఉంది. మంచినీటి బావికి కాపలాగా కట్టిన బురుజుతో మొదలైన కోట అది. ఈతాకు చాపలు అల్లే ఆడవాళ్ళను అక్కడ చూడొచ్చు. అమ్మ వాళ్ళ పక్కన కూర్చుంటే లేవరేమో.

క్యాంపు చూడాలని అమ్మ పట్టుబడితే? అబుదాబి శివార్లలో ఫ్యాక్టరీలుండే ముసఫ్ఫా వైపు క్యాంపుల్లో ఇప్పుడు కూడా మనుషులు ఉంటున్నారు. గేట్లు ఉంటాయి, అది చూడబోయే చోటు కాదు. రేపు డ్యూటీకి పోవలసినవాళ్ళ ముందు కెమెరా పట్టుకుని నిలబడటం బాగుండదు. ఆయన చూపిస్తానంటే ట్యాక్సీలో ఆ రోడ్డు మీదుగా వెళ్ళండి, ఆయన ఆపమన్న చోట ఆపండి. మీరూ పిల్లలూ వెనక ఇంకో ట్యాక్సీలో వస్తే ఇంకా మంచిది. ఆ అరగంట వాళ్ళిద్దరిది.

రెండో దారి, అమ్మను మీరు తీసుకెళ్ళడం, బాపు ఇంట్లో ఉండటం. దీన్ని నేను తప్పనను. ఆమె కోరికకు ఆయన అనుమతి అక్కర్లేదు. అయితే ఆయన లేకుండా ఆమెకు దొరికేది అద్దాల మేడలు, పాలరాయి. "ఇంత సక్కటి ఊళ్ళె ఉండి నాకు పైసలు లేవని రాసిండు" అని ఆమె మనసు విరిగే ప్రమాదం ఉంది. నవ్వకండి, ఇలాంటివి విన్నాను. వెళ్ళే ముందే ఆయన ఎలా బతికాడో ఆమెకు కొంతైనా తెలిసి ఉండాలి. వచ్చాక ఆయనకు ఫొటోలు చూపించే తొందర వద్దు. ఆయన అడిగితేనే చూపించండి.

మూడోది, ఈసారికి మీరు, మీ ఆయన, పిల్లలు వెళ్ళడం. మీ సెల్ఫీల బాధకు జవాబు ఇక్కడ చెబుతాను. ఆయన పందొమ్మిదేళ్ళు చెక్కలు మోసింది మీరు అలాంటి ఊళ్ళకు టికెట్టు కొనుక్కుని వెళ్ళగలిగేలా ఉండాలనే కదా. సరదాగా తిరగండి. ఫెరారీ వరల్డ్ పిల్లలకూ మీ ఆయనకూ ఒక రోజంతా సరిపోతుంది. లూవ్ర్ సోమవారం మూసి ఉంటుంది, పిల్లలకు టికెట్టు లేదు. ఆ గుమ్మటం అడ్డంగా 180 మీటర్లు. దాని సందుల్లోంచి ఎండ తాటాకు పందిరి కింద పడ్డట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. లోపలి బొమ్మల కంటే నాకు అదే నచ్చింది. ఈ దారిలో చిక్కు ఏమిటంటే అమ్మ మళ్ళీ ఊళ్ళోనే ఎదురుచూస్తూ ఉండిపోతారు. బాపుకు 67 అన్నారు. వచ్చే ఏడాది, ఆ పై ఏడాది అని వాయిదా వేసే వయసు వాళ్ళది కాదు.

నాలుగోది మీ భర్త చివర్లో అన్నారట, అబుదాబి బదులు దోహా వెళ్దామని. దోహా బాగుంటుంది. సముద్రపు ఒడ్డున ఇస్లామిక్ కళల మ్యూజియం, సూక్ వాకిఫ్ బజారు చూసి తీరాలి. కానీ అమ్మ అడిగింది దోహా కాదు. అక్కడికి వెళ్తే అది మీ సెలవు మాత్రమే అని ఒప్పుకుని వెళ్ళండి, ఆమె కోరిక తీరిందని లెక్క రాసుకోవద్దు.

ఒకవేళ బాపు మసీదు దగ్గరికి కూడా రానంటే, అబుదాబి–దుబాయ్ హైవే వైపు అబూ మురైఖాలో 2024 ఫిబ్రవరిలో తెరిచిన స్వామినారాయణ్ సంస్థ వారి మందిరం ఉంది. రాజస్థాన్ నుంచి గులాబీ రంగు రాయి తెచ్చి కట్టారు, ఏడు శిఖరాలు. అందులో మన వేంకటేశ్వరుడికీ ఒక గుడి ఉంది. ఆయన ఉన్న కాలంలో అలాంటిదొకటి ఆ ఇసుకలో లేస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. "ఆడ ఇసుకే ఉంటది" అన్న మాటకు ఇది కాస్త సాయంగా పనికిరావచ్చు. ఇది కూడా ఎరగా వెయ్యకండి, ఊరికే చెప్పి చూడండి.

మీరు ఏ దారిన వెళ్ళినా బ్యాగులు సర్దేటప్పుడు అమ్మ పక్కన కూర్చోండి. బీపీ, షుగర్ మందులతో పాటు డాక్టరు చీటీ పెట్టండి. నొప్పి మాత్రల్లో కోడీన్, ట్రమడాల్ ఉన్నాయేమో చూడండి, అక్కడ వాటికి ముందుగా అనుమతి తీసుకోవాలి. పాన్, గుట్కా, ఖైనీ వద్దే వద్దు. మసాలా పొడి డబ్బా మూత తీసి, అందులో గసగసాలు వేశారా అని అడగండి. మన వంటింట్లో అవి మసాలా దినుసు, అక్కడి చట్టంలో మాత్రం నిషేధం ఉన్న సరుకు. వేశానంటే ఆ డబ్బా ఇంట్లోనే వదిలెయ్యండి. బాపు ఊళ్ళోనే ఉండిపోయేట్టయితే కూరలోకి ఆయనకే పనికొస్తుంది.